వరహాలు తొమ్మిది పాటలు

మంచుకాలం, 19వ రోజు

పట్టిన నీళ్ళు పదకొండు వేల లీటర్లు. చిరిగిన వలలు రెండు. గాలి తూర్పు నుంచి, నెమ్మది. రేవువాడ వాటా సగం.

ఈ పుస్తకంలో నీళ్ళు, వలలు, గాలి తప్ప మరేమీ రాయకూడదని తనిఖీ అధికారి సర్వేశ్వరంగారు పోయిన పేజీలో ఎర్ర సిరాతో రాసి వెళ్ళారు. ఈ కొండ మీద నాకున్న కాగితం ఇదొక్కటే. కాబట్టి ఇందులోనే రాస్తాను. ఆయన మళ్ళీ చదువుకోవచ్చు.

నా పేరు పైడితల్లి. అందరూ పైడమ్మ అంటారు. ఏడో మంచు కేంద్రానికి పదకొండేళ్ళుగా నేనే కావలి. పొద్దున్నే వలల మీద పట్టిన నాచు దువ్వుతాను, చినుగులు కుడతాను, తొట్టి నిండాక తూము తెరుస్తాను. కొండ మీది పొగమంచు వలలకి తగిలి నీళ్ళయి గొట్టంలోంచి మధ్య తొట్టికి దిగుతుంది. అక్కడ రెండు పాయలవుతుంది. ఒకటి కొత్త నగరానికి, ఇంకొకటి సముద్రం పక్కనున్న రేవువాడకి. నేను పుట్టింది రేవువాడలోనే. ఉప్పునీళ్ళు బావుల్లోకి ఎక్కిన ఏడు మా ఇంటివాళ్ళందరం ఊరు వదిలాం. నేను తిరిగి ఆ వీధిలో అడుగు పెట్టలేదు. అక్కడ మిగిలినవాళ్ళకి రోజూ నీళ్ళు పంపుతున్నాను కదా అన్న తృప్తి మాత్రం ఉంది.

సర్వేశ్వరంగారికి కోపం తెప్పించింది నేను ఒక పాట గురించి రాసిన పేజీ.

రెండేళ్ళ కిందట, ఇలాంటి తడి పొద్దునే, వల కుడుతూ ఉండగా చెవిబిళ్ళలో ఒక గొంతు వచ్చింది. ఆజ్ఞలు, హాజరు, పాటలు అన్నీ మాకు ఆ బిళ్ళలోనే. చెవి వెనక అంటించుకోవాలి, తీసేస్తే ఆ రోజు హాజరు పడదు. ఆ గొంతు ఎక్కడో దూరం నుంచి, నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టుంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వినిపిస్తోంది.

కొండ మీద మబ్బు పడుకుంది, లేపకండి
దాని కలలో నేనింకా చిన్నపిల్లని

సూది చేతిలోనే ఉండిపోయింది. ఎవరు పాడారని అడిగాను. వరహాలు, రేవువాడ, సొంతంగా కట్టి సొంతంగా పాడుతుంది, వెనక ఏ బృందమూ లేదు అని బిళ్ళ చెప్పింది. మా ఊరి పిల్ల. 'ఇలాగే ఇంకా' అన్న మీట నొక్కాను, తర్వాత వచ్చిన ప్రతి పాటకీ నొక్కుతూ వచ్చాను.

ఈ రెండేళ్ళలో ఆమెవి తొమ్మిది పాటలు వచ్చాయి. తొమ్మిదీ అంతే మెత్తగా, అంతే మంచులా ఉన్నాయి. అందులో తనిఖీ అధికారికి వచ్చిన నష్టమేమిటో నాకు తెలియడం లేదు.

మంచుకాలం, 23వ రోజు

నీళ్ళు తొమ్మిది వేలు. చినుగులు లేవు. రేవువాడ వాటా సగం.

దేముడన్న తీగ ఫోనులో మాట్లాడాడు. అయిదో కేంద్రం నుంచి ఎనిమిదో కేంద్రం దాకా తీగలూ స్తంభాలూ చూసేది ఆయనే. నాకంటే పదేళ్ళు పెద్ద. పన్ను వాచిపోయి మూడు రోజులు రేవువాడకి వెళ్ళి వచ్చాడు, అక్కడ ఆయనకి తెలిసిన పళ్ళ వైద్యుడున్నాడు.

"పైడీ, నువ్వు చెప్తుంటావు గదా, ఆ పాటలు పాడే గుంట. సూశానే. సేపల బజారు కాడ పాడతంది."

ఎలా ఉంది, మబ్బు పాట పాడిందా అని అడిగాను.

"మబ్బూ లేదు, గిబ్బూ లేదు. డబ్బా మీద కొట్టుకుంటా, గొంతు సించుకుని పాడతంది. తిట్టినట్టే ఉన్నాది."

"నువ్వు ఇంకెవరినో సూసుంటావన్నా. వరహాలు అలా పాడదు."

"పేరు అడిగాను గదే. వరహాలే. ఇంకో వింత సెప్పనా? నా దవడ వాచిపోనాదని బిళ్ళ తీసి జేబులో ఏసుకున్నాను. పక్కనున్నోళ్ళందరికీ బిళ్ళలున్నాయి. ఆళ్ళు కళ్ళు మూసుకుని తలలూపుతన్నారు, జోలపాట ఇన్నట్టు. అదేటో అని నానూ బిళ్ళ పెట్టుకున్నాను. పెట్టుకుంటే నువ్వు సెప్పిన పాటే ఇనిపించింది. తీస్తే తిట్లు."

పన్ను నొప్పికి వేసుకున్న మందు తలకెక్కి ఉంటుందని అన్నాను. ఫోను పెట్టేశాను. అలా అని ఉండకూడదు. కానీ ఒళ్ళు మండింది. నాకు ఈ కొండ మీద ఉన్నది ఆ గొంతొక్కటి. దాన్ని కూడా పట్టుకుని లాగుతాడేమిటి.

మంచుకాలం, 27వ రోజు

నీళ్ళు పది వేలు. చిరిగినవి మూడు.

నాలుగు రోజులుగా ఆ తొమ్మిది పాటలూ వరసగా వింటున్నాను. ఈ రోజు ఒకటి పట్టుకున్నాను. ఆరో పాటలోనూ ఎనిమిదో పాటలోనూ ఊపిరి ఒకే చోట, ఒకే పొడుగున ఆగుతోంది. ఏడోదాంట్లోనూ అంతే. మనిషెవరూ అలా ఊపిరి తీయరు. నేను పదకొండేళ్ళు వలలు కుట్టాను, ఒక కుట్టు ఇంకో కుట్టులా ఎప్పుడూ పడలేదు.

సెలవు అడిగాను. మంచు బాగా పడుతున్న రోజుల్లో కావలి వాళ్ళకి సెలవు లేదని బిళ్ళ ఎంతో మర్యాదగా చెప్పింది.

దేముడన్నకి ఫోను చేసి తప్పు ఒప్పుకున్నాను. రెండు రోజులు నా వలలు చూస్తానన్నాడు.

మంచుకాలం, 30వ రోజు

ఈ రెండు రోజుల పేజీలు తిరిగొచ్చాక రాస్తున్నాను. నీళ్ళ సంగతి దేముడన్న చెప్పాలి.

తీగ మీద వేలాడుతూ పోయే తీగబండిలో కిందికి దిగాను. చేపల బజారుకి చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. చేపలు తక్కువ, మనుషులు ఎక్కువ. అందరి చెవుల వెనకా బిళ్ళలు. మధ్యలో బోర్లించిన నూనె డబ్బా ముందు ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ళ మనిషి కూర్చుని ఉంది. నల్లగా, బక్కగా, జుట్టు కత్తిరించుకుని. నా చెవిలో మబ్బు పాట మొదలైంది. ఆమె పెదాలు వేరే మాటలు పలుకుతున్నాయి. చేతులు డబ్బా మీద దబదబ పడుతుంటే నాకు మాత్రం ఏదో మెత్తటి తంత్రి మోగుతోంది.

బిళ్ళ పీకేశాను.

మబ్బుని పిండి నీళ్ళు సేశారు
మా యీది పేరు మరిసేశారు
బిందె అడుగున తుప్పున్నాది
తాగి సూడు, నువ్వు తాగి సూడు

గొంతు గరుకుగా, కిందికి దిగి ఉంది. చివరి మాట దగ్గర పగిలింది. అయినా ఆపలేదు. నా పక్కన ఒక ముసలమ్మ చిరునవ్వుతో తల ఊపుతోంది. ఆమె చేతిలో ఖాళీ బిందె ఉంది.

పాట అయిపోయాక దగ్గరికి వెళ్ళాను. నా చేతిలో బిళ్ళ చూసి ఆమె లేచి నిలబడింది.

"తీసేసి ఇన్నావా పిన్నీ?"

విన్నానన్నాను. నువ్వు పాడే పాటలు రెండేళ్ళుగా వింటున్నాననుకున్నాను, వినలేదని ఇప్పుడే తెలిసిందని చెప్పాను. ఎక్కడి నుంచి వచ్చావని అడిగింది. కొండ మీద ఏడో కేంద్రం అన్నాను.

ఆమె మొహం మారిపోయింది.

"నీళ్ళు పట్టేది నువ్వా?"

"అవును. రోజూ మీకు సగం పంపుతున్నాను."

ఆమె నా చెయ్యి పట్టుకుని వీధి కుళాయి దగ్గరికి లాక్కెళ్ళింది. తిప్పమంది. తిప్పాను. ఎర్రటి పొడి రాలింది. "నాలుగేళ్ళు," అంది. "నగరం బండొస్తే ఇంటికో బిందె. రాకపోతే అదీ లేదు. మా నాన్న మూత్రపిండాలు ఉప్పునీళ్ళకే పోనాయి. నువ్వు సగం పంపుతున్నావు."

ఎవరినో కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఎవరిని కొట్టాలో తెలియలేదు. నాలుగేళ్ళుగా ఈ పుస్తకంలో ప్రతి రోజూ 'రేవువాడ వాటా సగం' అని నా చేత్తో రాస్తున్నాను. రోజూ బిళ్ళ చెప్పింది, నేను రాశాను. ఒక్క రోజు కూడా దిగి చూడలేదు.

మంచుకాలం, 31వ రోజు

ఆ రోజంతా వరహాలు గదిలోనే ఉన్నాను. వలల కొట్టుకి వెనక ఒక చిన్న గది. ఆమె దగ్గర పాత టేపు పెట్టె ఒకటి ఉంది. పాడినప్పుడల్లా అందులో దాచుకుంటుంది, బిళ్ళతో సంబంధం లేకుండా. తొమ్మిది పాటలూ కట్టిన వరసలో వినిపించమన్నాను.

మొదటిది నేను ఎరిగినదే. ఎండిపోయిన నీళ్ళ ట్యాంకులో దిగి పాడానని చెప్పింది. అందుకే ఆ దూరం, ఆ నీళ్ళ అడుగు చప్పుడు. అప్పటికి ట్యాంకు ఎండి రెండేళ్ళు. అయినా రేపో ఎల్లుండో నీళ్ళు వస్తాయనుకునే రోజులు. ఆ పాట అబద్ధం కాదు. అంత బాగుండటానికి అదే కారణమేమో.

రెండోదాంట్లో ఖాళీ సీసాల్లోకి ఊదింది. ఇంకా కలలాగే ఉంది, కానీ కలలో ఎవరో నడుస్తున్నారు. మూడోదాంట్లో సీసాలు తగ్గాయి, అలల చప్పుడు లోపలికి వచ్చింది. నాలుగోది సగం పాట, సగం మాట, వాళ్ళ నాన్న ఆసుపత్రి వరసలో నిలబడటం గురించి. అక్కడి నుంచి గొంతు కిందికి దిగడం మొదలుపెట్టింది. అయిదోదాంట్లో మొదటిసారి డబ్బా మోగింది. ఆరోది మళ్ళీ నెమ్మది. అందులో ఒకే వాక్యం పద్నాలుగు సార్లు పాడుతుంది, ఒక్కోసారీ ఒక్కో రకంగా. అది విని నాకు ఏడుపొచ్చింది. నేను కొండ మీద విన్న ఆరోదాంట్లో ఆ వాక్యమే లేదు. ఏడు, ఎనిమిది అరుపులు. తొమ్మిదోది ముందు రోజు బజారులో విన్నది.

ఒక మనిషి రెండేళ్ళలో ఇంత దూరం నడిచి వస్తే, నాకు మాత్రం ఆమె మొదటి అడుగే తొమ్మిది సార్లు చూపించారు.

"ఈ దొంగ పని ఎవరిది?" అని అడిగాను.

ఆమె ఒక కాగితాల కట్ట తీసి నా ముందు పడేసింది. పాటలు పంచే సంస్థ నెల నెలా పంపే ఉత్తరాలు. విన్నవారు ఏమి కోరుతున్నారో అందులో ఉంటుంది. 'మొదటి పాట ధోరణి కొనసాగించగలరు. శ్రోతల సౌకర్యం కోసం మార్పులు సవరించబడ్డాయి.' కింద 'ఇలాగే ఇంకా' మీట ఎక్కువగా నొక్కిన చోట్లు, వరసగా. కొండ కేంద్రాలు అన్నిటికన్నా పైన ఉన్నాయి. అందులో ఏడోది మొదట ఉంది.

"సంస్థోళ్ళు సేశారు పిన్నీ, కాదన్ను. కానీ ఆళ్ళకి 'ఇలాగే ఇంకా' అని సెప్పింది ఎవరు? నాకు అన్నిటికన్నా ఎక్కువ మంట నీ మీదే ఉండేది. ఏడో కేంద్రం అంటే మనిషో యంత్రమో తెల్దు. తెలిసుంటే కొండెక్కి వొచ్చి కొట్టీదాన్ని."

"ఇప్పుడు వచ్చాను కదా. కొట్టు."

కొట్టలేదు. గిన్నెలో గంజి పోసి ముందు పెట్టింది. అందులో ఉప్పు వేయలేదు. వేయక్కర్లేదు, నీళ్ళే ఉప్పన. తాగాను.

మంచుకాలం, 32వ రోజు

తిరిగి ఎక్కేటప్పుడు వరహాలు కూడా వచ్చింది. తీగబండి మధ్య తొట్టి దగ్గర ఆపించాను. అక్కడ మనుషుల కాపలా లేదు, అంతా దానంతట అదే నడుస్తుందని చెప్తారు. ముందే ఫోను చేసి చెప్పాను కాబట్టి దేముడన్న పనిముట్లు పట్టుకుని నడిచి వచ్చాడు.

నగరం పాయ గొట్టం చల్లగా, చెమటలు పట్టి ఉంది. రేవువాడ పాయ చక్రం మూసి, గొలుసు చుట్టి, తాళం వేసి ఉంది. తాళం తుప్పు పట్టి ఒకే ముద్దయింది. గొట్టం మీద చెయ్యి పెడితే ఎండకి కాలింది.

"తాళం ఇరగ్గొడితే నీ ఉద్యోగం ఉండదే పైడీ," అన్నాడు దేముడన్న. "నాదీ ఉండదనుకో."

"నువ్వు ఎల్లిపో అన్నా. పనిముట్లు ఇచ్చి ఎల్లిపో."

"ఇవి నాయి. నాను లేకుండా ఎవుడికీ ఇవ్వను," అని ఆయనే మొదటి దెబ్బ వేశాడు.

పదిహేను దెబ్బలకి తాళం పడింది. చక్రం తిరగలేదు. ముగ్గురం వేలాడితే కీచుమంటూ కదిలింది. గొట్టంలో ముందు గాలి అరిచింది, తర్వాత దగ్గినట్టు చప్పుడు, తర్వాత నీళ్ళు. వరహాలు గొట్టానికి చెవి ఆనించి అలాగే ఉండిపోయింది. కిందికి ఎంతసేపట్లో చేరతాయని అడిగింది. గంటన్నర అన్నాను.

నీళ్ళు పదివేల అయిదు వందలు. రేవువాడ వాటా సగం. ఈ ముక్క ఇవాళ మొదటిసారి నిజంగా రాస్తున్నాను.

మంచుకాలం, 34వ రోజు

సర్వేశ్వరంగారు వచ్చారు. నేను వలలు దువ్వుతున్నాను. ఆయన గొంతు నా బిళ్ళలో తేనెలా ఉంది. "పైడమ్మగారూ, మీరు అలసిపోయారు, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి, చక్రం మేము చూసుకుంటాం," అంటున్నారు.

బిళ్ళ తీసి రాయి మీద పెట్టాను. అప్పుడు ఆయన అసలు గొంతు వినిపించింది. సన్నగా ఉంది. వణుకుతోంది.

"ఏం చేశావో తెలుసా నీకు? నగరంలో ఫ్యాక్టరీ ఆగింది. పైవాళ్ళు నా మెడ మీద కూర్చున్నారు. నాకు ఇద్దరు ఆడపిల్లలు."

"రేవువాడలో పిల్లలు లేరా బాబూ? నాలుగేళ్ళుగా నా చేత అబద్ధం రాయించారు. ఆ తాళం ఎవరు వేశారు?"

"నాకు తెలియదు. నేను వచ్చేసరికే ఉంది."

"చూశారు కదా. చూసి సగం అని సంతకం పెట్టారు కదా."

ఆయన వలల వైపు తిరిగారు. చక్రం మూయించడానికి రేపు మనుషులు వస్తారని, అడ్డు రావద్దని చెప్పి వెళ్ళిపోయారు. ఆయన భయం చూసి కోపం తగ్గుతుందేమోనని ఆగి చూసుకున్నాను. తగ్గలేదు.

మంచుకాలం, 35వ రోజు

మధ్య తొట్టి దగ్గరికి నలుగురు మనుషులు, ఒక వెల్డింగు యంత్రం. వాళ్ళకంటే ముందు తీగబండిలో రేవువాడ ఆడవాళ్ళు వచ్చారు. మొదటి విడత పన్నెండు మంది. మధ్యాహ్నానికి అరవై దాటారు. కుళాయిలో నీళ్ళు చూసినవాళ్ళకి వరహాలు ఇల్లిల్లూ తిరిగి ఒకటే మాట చెప్పిందట, బిళ్ళ తీసి తొమ్మిదో పాట ఒక్కసారి వినమని. బజారులో తల ఊపిన ముసలమ్మ కూడా వచ్చింది. చక్రం చుట్టూ కూర్చున్నారు.

వెల్డింగు మనిషి యంత్రం కింద పెట్టాడు. ఆ ముసలమ్మ అతన్ని పేరు పెట్టి పిలిచింది. "పెంటయ్యా, మీ అమ్మ బిందె కూడా నిండినాదిరా," అంది. అతను తల దించుకున్నాడు. తర్వాత యంత్రం ఎత్తుకుని వెనక్కి నడిచాడు. మిగిలిన ముగ్గురూ అతని వెనకే వెళ్ళారు.

మంచుకాలం, 49వ రోజు

నీళ్ళు పన్నెండు వేలు. చినుగు ఒకటి. రేవువాడ వాటా సగం. చక్రం దగ్గర రోజుకి పదిమంది చొప్పున ఇంకా కూర్చుంటున్నారు.

నగరం నుంచి ఆజ్ఞ కాగితం మీద వచ్చింది. వాటా 'తాత్కాలికంగా' కొనసాగుతుంది. ఆ మాట చూస్తేనే మండుతోంది. దేముడన్నని మూడో కేంద్రానికి మార్చారు. నన్ను తీసేశారు. రేపు కొత్త కావలి మనిషి వస్తుంది. ఈ పుస్తకం ఆమెకి అప్పగించాలి. ఎవరైనా పేజీలు చింపితే కుట్ల దగ్గర తెలుస్తుంది, చూసుకోమని చెప్తాను.

పాటలు పంచే సంస్థ మాత్రం ఏమీ మార్చలేదు. బిళ్ళ పెట్టుకున్నవాళ్ళకి ఇప్పటికీ మబ్బు పాటే. సవరణ వద్దని వరహాలు రాస్తే, శ్రోతల అభిరుచిని గౌరవిస్తామని జవాబిచ్చారు. దాన్ని ఆమె పొయ్యిలో పెట్టింది.

ఇవాళ పొద్దున్న ఆమె పదో పాట కట్టి తెచ్చింది. తొట్టి గట్టు మీద కూర్చుని నాకే ముందు వినిపించింది. డబ్బా లేదు, సీసాలు లేవు. గొంతు ఇటు మెత్తనా కాదు, అటు గరుకూ కాదు. రాగం ఎక్కడికి పోతోందో నాకు అందలేదు. మాటలు మధ్యలో తెగిపోతున్నాయి. రెండు చోట్ల అపశ్రుతి అనిపించింది.

ఎలా ఉందని అడిగింది.

"నాకు నచ్చలేదు," అన్నాను.

"నచ్చకపోతే మానె," అంది. ఏమీ బాధపడలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది, ఒక్క మాట కూడా మార్చకుండా.

నాచు దువ్వే దువ్వెన పక్కన పెట్టి కూర్చున్నాను. చివరిదాకా విన్నాను.